ఉలవలు పరిచిన రోడ్డు

మా రోడ్డుకు తారు పోస్తే నాకు సుఖమని అందరూ అన్నారు. ఏం సుఖమో! తారు పోయకముందు గుంటలు, పోసిన తర్వాత ఉలవలు. వాకాడు నుంచి నాయుడుపేటకు ఒక ప్రైవేటు బస్సు తోలేవాణ్ణి నేను. అరవైల నాటి మాట. బస్సు రాత్రికి వాకాడులోనే ఆగేది, మా కాపురమూ అక్కడే. తెల్లవారి మొదటి ట్రిప్పు నాది, ఆఖరి ట్రిప్పూ నాదే. ఇంకో డ్రైవరును పెట్టండి మహాప్రభో అని యజమానిని అడిగితే, "ఇంకో బస్సు కొన్నప్పుడు చూద్దాంలే" అనేవాడు. బస్సు కొనలేదు, డ్రైవరూ రాలేదు. నా నడుము మాత్రం పోయింది.

ఉలవల సంగతి చెప్పాలి. మాఘమాసం వచ్చేసరికి మెట్ట చేలల్లో ఉలవలు పీకి, ఎండిన తీగంతా తెచ్చి రోడ్డు మీద పరిచేవారు. బస్సు చక్రాలు తొక్కితే కాయలు పగిలి గింజలు రాలతాయి. ఎద్దులు అక్కర్లేదు, కూలీలు అక్కర్లేదు. ఊరికే తొక్కించి పెట్టడానికి నేనున్నానుగా! ఆ తీగేమో బస్సు కింద షాఫ్టుకు చుట్టుకునేది. సాయంత్రం పూట మట్టిలో వెల్లకిలా పడుకుని దాన్ని కత్తితో కోసుకోవలసింది నేనే. అందుకని నేను వీలైన చోటల్లా తీగను తప్పించి రోడ్డు అంచున పోయేవాణ్ణి. నేను అంచున పోతున్నానని రైతులు అక్కడ రాళ్ళు పెట్టేవారు, చచ్చినట్టు తీగ మీదుగానే పోవాలని. ఏటా ఇదే రగడ. నేను హారను కొడుతూ తిట్టేవాణ్ణి, వాళ్ళు తీగ తిరగేసే పంగలకర్రలు పట్టుకుని నవ్వేవాళ్ళు.

ఆ ఏడు మా అత్తగారు నెల్లూరు అవతల కొడవలూరులో మంచం పట్టింది. ఒక సాయంత్రం నా బస్సులోనే మా బావమరిది పంపిన మనిషి వచ్చి దిగాడు. "ముసలమ్మకు నోట్లో పోసిన నీళ్ళు కూడా దిగడం లేదు. పాప వచ్చిందా, పాప వచ్చిందా అని అదొకటే మాట. చూడాలంటే పొద్దున మొదటి బస్సుకే బయల్దేరమన్నారు" అన్నాడు. ముసలమ్మ పిలిచే ఆ పాప మా ఆవిడ. పిల్లల తల్లి అయినా ఆమెకు పాపే. ఆ పూట ఇంక వేరే బస్సు లేదు. ఉన్నదొకటే, దాని డ్రైవరూ నేనే. మా ఆవిడ రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను పడుకున్నానన్న పేరే గాని కన్ను మూతపడలేదు.

పొద్దున ఆవిడ నా వెనక సీటులో కూర్చుంది. బస్సు పైన బెస్తవాళ్ళ రొయ్యల గంపలు, లోపల ఊపిరాడని జనం. పాత బండి, స్ప్రింగు బద్దలు వంగిపోయి నిండు గర్భిణిలా కిందికి దిగి ఉండేది. నేను తోలగలిగినంత వేగంగానే తోలాను. అద్దంలో చూసినప్పుడల్లా ఆవిడ కళ్ళు నా మీద లేవు, రోడ్డు మీదే ఉన్నాయి.

సగం దారి దాటాక ఉలవలు మొదలయ్యాయి. కనుచూపు మేర పరిచేశారు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క మెత్తటి ఇసుక. ఇసుకలోకి దిగితే చక్రం కూరుకుపోతుంది. సరే, ఇవాళ తిట్టుకునే ఓపిక కూడా లేదనుకుని తీగ మీదికే ఎక్కించాను. నాలుగు బారలు పోయామో లేదో కింద ఢామ్మని మోత. ఆ వెనకే ఇనుము రోడ్డును రాసుకుంటున్న చప్పుడు, ఇంజను ఒక్కసారిగా చెవులు చిల్లులు పడేలా అరవడం. బ్రేకు వేసి, గబగబా ఇంజను ఆపేసి కిందికి దూకాను.

అంచున పెట్టిన రాయిని రాత్రి ఎవరి బండో నడిమధ్యకు నెట్టేసింది. తెల్లారాక రైతు చూసుకోకుండా దాని మీదే తీగ కప్పాడు. ఇంజను నుంచి వచ్చే గొట్టం సైలెన్సరు డబ్బాతో కలిసే చోట రెండుగా తెగింది. డబ్బా ఒక కొక్కేనికి వేలాడుతోంది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. అంత రోడ్డుంటే ఆ రాయికి ఇవాళే, నా బస్సే దొరకాలా?

చేలోంచి ఒక ముసలి రైతు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అయ్యో సామీ! ఆ రాయి నేను అంచునే పెట్టినానన్నా. ఎవురు నెట్టినారో ఏమో."

"ఎందుకు పెట్టినావో ఊరంతా తెలుసులే పెద్దాయనా. నీ ఉలవలు తొక్కేదానికి నాకేమన్నా జీతమిస్తా ఉండావా?" అని గుడ్లురిమాను.

అతను తల వంచుకున్నాడు. తిట్టడానికి ఎదురు మాట్లాడే మనిషయినా దొరకలేదు.

గొట్టం కాలిపోతోంది. కాలువ నీళ్ళు తెచ్చి పోస్తే బుస్సుమంది. అది చల్లారేదాకా ఆగే తీరిక లేక కిందికి దూరాను. మోచేతి కింద చర్మం గొట్టానికి అంటుకుపోయింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. రైతు ఇంటికి పోయి ఖాళీ కిరసనాయిలు డబ్బా తెచ్చాడు. దాన్ని కత్తితో చీల్చి, మమ్మల్ని ఆపిన ఆ రాతి మీదే పెట్టి రేకు సాఫు చేశాం. తెగిన చోట తడిపిన గోనెపట్టా చుట్టి, దాని మీద కాలువ బంకమన్ను మెత్తి, ఆ పైన రేకు తొడిగాను. కండక్టరు బస్సు పైకెక్కి, గంపలు కట్టే ఇనప వైరు విప్పుకొచ్చాడు. నేను కింద పడుకుని వైరు బిగిస్తుంటే చెమటా మట్టీ కలిసి కళ్ళల్లోకి కారుతున్నాయి. ఒక్క క్షణం అక్కడే, ఆ నీడలో, కళ్ళు మూసుకుని ఉండిపోదామనిపించింది. బయట నుంచి మా ఆవిడ పాదాలు కనిపిస్తున్నాయి. కదలకుండా నిలబడి ఉన్నాయి.

పైన బస్సులోంచి రొయ్యల గంపల బెస్తామె అరుస్తోంది. "ఏందబ్బా డ్రైవరా, రొయ్యలు ఉడికిపోతా ఉండాయి. నీ గొట్టం ఎప్పటికి అతుకుతుంది?"

"అతికితే నీ రొయ్యలతోనే అతకాల," అన్నాడు కండక్టరు. నలుగురు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇంజను వేసి చూశాం. మోత కొంత తగ్గింది. కాని రేకు సందుల్లోంచి పొగ చిమ్ముతోంది. గట్టిగా తొక్కితే ఒకటి రెండు నిప్పురవ్వలు కూడా రాలాయి. పైగా సైలెన్సరు డబ్బా ఇదివరకటి కంటే కిందికి జారి ఉంది, తీగను రాసుకుంటూ పోవాల్సిందే. ముందు చూస్తే రోడ్డంతా ఎండి పెళపెళలాడే ఉలవతీగ. సముద్రపు గాలి కూడా లేచింది.

అప్పుడన్నాను ఆ మాట. రైతు మీద కసికొద్దీ అన్నాను. "చూసినావా పెద్దాయనా? నా పైపు తెంచినావు. ఇప్పుడు ఈ కట్టుతో నీ ఉలవల మీద పోతే అంటుకున్నా అంటుకుంటుంది. అప్పుడు కూర్చోని ఏడువు."

అతని ముఖం నల్లబడింది. తీగ వైపు చూశాడు, బస్సు వైపు చూశాడు. అది అతనిదీ అతని తమ్ముళ్ళదీ కలిపి ఆ ఏటి పంటంతా. ఏం చేద్దామంటాడో, ఎంతసేపు ఏడుస్తాడో అని నేను విసుగ్గా చూస్తున్నాను. అతను మెల్లిగా అన్నాడు. "పోన్నా. ఆయమ్మ తల్లి చావుబతుకుల్లో ఉండాదంట గదా, కండక్టరు చెప్పినాడు. ఉలవలకి చూసుకుంటే ఎట్టా? నువ్వు పో. కాలితే మా రాత."

నేను సీటు ఎక్కాను. నిజం చెప్పొద్దూ, పోదామనే ఎక్కాను. గేరు మీద చెయ్యి వేశాను కూడా.

మా ఆవిడ బస్సెక్కలేదు. కొంగు నడుముకు దోపుకుని బస్సు ముందుకు పోయి, వంగి, తీగను రెండు చేతులా ఎత్తి పక్కకు వెయ్యడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తా ఉండావు? రా, ఎక్కు!" అని అరిచాను.

ఆవిడ తల ఎత్తలేదు. "నువ్వే గదా అంటుకుంటుందన్నావు," అంది. "మా అమ్మ ఉంటే ఇంకో గడియ ఉంటాది. ఇది కాలిపోతే వీళ్ళు ఏం తింటారు?"

ఆవిడ వరి పండించే ఇంటి ఆడబిడ్డ. కళ్ళంలో గింజ కింద పడితే వంగి ఏరుకుని కొంగున వేసుకునే అలవాటు చివరిదాకా పోలేదు. అలాంటి మనిషితో ఏం వాదిస్తాను? కిందికి దిగాను. రైతు ఏడుస్తూ పంగలకర్ర తెచ్చాడు. బస్సులో జనం గొణుక్కుంటూనే ఒక్కొక్కరూ దిగారు. రొయ్యల గంపల బెస్తామె దిగివచ్చి, "లెయ్ అమ్మణ్ణీ, నువ్వు పోయి కూచో, మేం చేస్తాం" అని మా ఆవిడ చేతిలోని తీగ లాక్కోబోయింది. ఆవిడ వదల్లేదు. ఆ ముళ్ళలాంటి పుల్లలకు చేతులు గీరుకుపోతున్నా వదల్లేదు. బస్సు పట్టేంత మేర నడిమి రోడ్డు ఖాళీ చేసుకుంటూ, నేను కొంచెం తోలుతూ, మళ్ళీ దిగి ఎత్తుతూ, అలాగే పోయాం. ఎండ నెత్తికెక్కింది. ఆ ఉలవలు ఎప్పటికీ అయిపోవేమో అనిపించింది. ఒళ్ళు నాది కాదు, చేతులు నావి కావు. నోరు తెరిస్తే దుమ్ము.

చివరికి నల్లటి రోడ్డు కనిపించింది. రైతు నా కాళ్ళకు వంగబోతే విదిలించుకుని బస్సెక్కాను. ఆ దండం ఎవరికి పెట్టాలో అతనికీ తెలుసు. మా ఆవిడ వైపు తిరిగాడు గాని, ఆవిడ అప్పటికే సీట్లో కూర్చుని రోడ్డు చూస్తోంది.

నాయుడుపేటలో బస్సు షెడ్డులో వదిలేసి, యజమానికి చెప్పను కూడా చెప్పకుండా ఇద్దరం నెల్లూరు వైపు పోయే బస్సెక్కాం. కొడవలూరు చేరి వీధి మలుపు తిరగ్గానే ఏడుపులు వినిపించాయి. మా ఆవిడ అక్కడే ఆగిపోయింది. నేను చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాను. ఆమె తమ్ముడి భార్య ఎదురొచ్చి మీద పడింది. "ఇప్పుడే వదినా, ఇప్పుడే పోయింది. ఒళ్ళింకా చల్లబడనే లేదు. పాప వచ్చిందా అని అడుగుతా అడుగుతానే పోయింది. ఇంత ఆలస్యం చేసినారేంది వదినా?"

"బస్సు చెడిపోయింది," అంది మా ఆవిడ.

అంతే. ఆ రోజు గాని, కర్మంతరాలకు వచ్చిన చుట్టాలతో గాని, ఇంకో ముక్క చెప్పలేదు. ఉలవల మాటే ఎత్తలేదు. అందరూ నన్నూ నా డొక్కు బస్సునూ తిట్టుకున్నారు. తిట్టుకోనీ అని ఊరుకున్నాను.

వాకాడు తిరిగొచ్చి చాలా రోజులైంది. ఒక మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే, నీళ్ళు పోస్తూ అడిగింది. "ఏమయ్యా, ఒక మాట చెప్పు. ఆ పొద్దు మనం తీగ మీదనే పోయుంటే నిజంగా అంటుకునేదా?"

చెంబులో నీళ్ళు అయిపోయినా ఆవిడ చెంబు వంచే ఉంచింది.

నాకేం తెలుసు? అంటుకుని ఉండవచ్చు. అంటుకోకపోనూ వచ్చు. అంతకంటే అధ్వాన్నమైన సైలెన్సర్లతో ఎండుగడ్డి మీదుగా నేనే పోయాను, ఏమీ కాలేదు. తగలబడిన లారీనీ చూశాను. ఆ రోజు మాత్రం ముసలాయన గుండె గుభేలుమనాలని అన్నాను. ఆవిడ వింటోందని కూడా నాకు తట్టలేదు.

"అంటుకునేది," అన్నాను.

"తప్పకుండానా?"

"తప్పకుండా. వాళ్ళ పంట, మన బస్సు, ఏదీ మిగిలేది కాదు."

ఆవిడ చెంబు కింద పెట్టి, గడప మీద కూర్చుని ఏడ్చింది. తల్లి శవం మీద పడి కూడా అంత ఏడవలేదు. నేను తడి చేత్తోనే పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, "అట్టయితే సరే," అంది.