మేం రాయని చివరి ఆప్షను

మా జిల్లాలో ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం పేరు చెబితే మా వైపు చాలామంది పెదవి విరుస్తారు. ఏ సీటూ రానివాళ్లు పోయేది అంటారు. ఆ మాట అనేవాళ్లలో దాని గేటు చూసినవాళ్లు తక్కువ. ఒకప్పుడు నేను కూడా ఆ మాట విని ఊరుకునేవాడిని. ఇప్పుడు ఎవరు అన్నా, బస్సులో పక్క సీటులోని అపరిచితుడు అన్నా, ఊరుకోను. ఎందుకో చెప్పాలంటే మా అక్క కూతురి సీటు సంగతి చెప్పాలి.

నేను ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో లెక్కలు చూస్తాను. పదో తరగతితో చదువు ఆగిపోయింది. ఆ తర్వాత నాకు వచ్చిన గణితమంతా పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నదే. అక్కను ఎమ్మిగనూరులో ఇచ్చాం. బావ పశువుల సంతలో దళారి, ఎద్దుల బేరాలు కుదురుస్తాడు. సంతలో ఆ బేరం నోటితో జరగదు. రైతు, దళారి చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుతారు. దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ నిలబడినవాళ్లకు మొహాలు తప్ప ఏమీ కనబడదు. రైతు ఎంతవరకు దిగుతాడో ఆ తువ్వాలు దాటి బయటకు పొక్కిందంటే, ఆ పూట ఆ ఎద్దుకు అంతకు మించి ఎవరూ పెట్టరు. బావ బతుకంతా ఈ ఒక్క సూత్రం మీద నడిచింది.

అమ్మాయి ఇంటరు పూర్తి చేసి ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష రాసింది. గొప్ప ర్యాంకు కాదు, తీసిపారేయదగ్గదీ కాదు. కంప్యూటర్ సైన్స్ చదవాలని ఆమె కోరిక. ఆ ఇంట్లో అంతదాకా వచ్చిన మొదటి మనిషి ఆమే కాబట్టి అందరి కళ్లూ ఆ సీటు మీదే ఉన్నాయి.

కౌన్సెలింగులో కాలేజీల పేర్లు, వాటిలో మనకు కావలసిన కోర్సులు ఇష్టమైన వరుసలో పెట్టాలి. వెబ్ ఆప్షన్లంటారు. కంప్యూటరు మొదటి పేరు చూస్తుంది. మన ర్యాంకుకు అక్కడ సీటు ఉంటే ఇచ్చి ఆగిపోతుంది, లేకపోతే రెండో పేరుకు దిగుతుంది. ఇట్లా ఒక్కొక్క మెట్టే కిందికి వస్తుంది. అడుగున ఏం రాశామన్నది పైన వచ్చే సీటును మార్చదు. ఇందులో ఉన్న లెక్క ఇంతే.

పోయినేడు ఎక్కడెక్కడ ఏ ర్యాంకు దాకా సీట్లు వచ్చాయో చూసుకుని నేను వరుస తయారుచేశాను. దూరపు పెద్ద కాలేజీలు పైన పెట్టాను, అడిగితే పోయేదేమీ లేదు కనుక. ఆమె ర్యాంకుకు అటూ ఇటూగా ఉన్నవి మధ్యలో పెట్టాను. అన్నిటికన్నా కింద మా జిల్లా విశ్వవిద్యాలయం. పైవేవీ రాకపోయినా అక్కడ కంప్యూటర్ సైన్స్ దక్కుతుందని నా అంచనా.

ఒక ఆదివారం ఎమ్మిగనూరు పోయి ఆ వరుస బావ ముందు పెట్టాను. బావ పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి ఆఖరి పేరు మీద వేలు పెట్టాడు.

"ఇది తీసెయ్ అప్పా."

"ఎందుకు బావా?"

"పాప కాలేజీలో సారు సెప్పినాడంట. లోకల్‌ది పెడితే అదే పడేస్తారంట."

అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. "క్లాసులో అందరికీ సెప్పినాడు మామా. మీకు అది సాలని అనుకుంటారు, ఇంక పైవాటికి సూడరు అన్నాడు."

అది శుద్ధ అబద్ధమని చెప్పాను. బావ తల ఊపలేదు. నేను ఆయనకు తెలిసినదానితో చెబుదామనుకుని ఉరుకుంద జాతర ఎత్తుకున్నాను.

"సావణ మాసంలో ఉరుకుంద నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఏం చేస్తాం బావా? మొదటి బస్సులో చోటుంటే ఎక్కుతాం. లేకుంటే రెండోది సూస్తాం. అన్నిటికన్నా ఎనక ఖాళీ బస్సు ఒకటి ఉండాదని మనకు తెలుసు. అది ఉండాదని మొదటి బస్సోడు మనల్ని దించేస్తాడా?"

"దించడు, అసలు ఎక్కనియ్యడు. నీకు ఎనక బస్సు ఉండాది గదా, దాంట్లో రాపో అంటాడు."

వంటింట్లో నుంచి అక్క నవ్వింది. "నిజమే తమ్ముడా. పోయినేడు మమ్మల్ని అట్లనే నిలబెట్టి పోయినాడు."

నా పోలిక అక్కడికక్కడే చచ్చింది. కంప్యూటరు కండక్టరు కాదు, దానికి మన మనసులో ఉన్నది పట్టదు అన్నాను.

"దాని ఎనక మనిషి ల్యాడా?" అన్నాడు బావ. "నేను ఎంతకు దిగుతానో ముందే సెప్పినాక ఎక్కువ ఇచ్చే ఎర్రోడు ఈ లోకంలో యాడుండాడు? నువ్వు మిల్లులో కూకుంటావు, నీకు సంత తెలీదు."

"నువ్వేమంటావు పాపా?" అని అమ్మాయిని అడిగాను.

"నువ్వు సెప్పింది నిజమే అనిపిస్తాంది మామా. కానీ సారు అంత గట్టిగా సెప్పినాక బయమేస్తాంది."

మేనమామకు ఆ ఇంట్లో మాట ఉంది, కానీ తండ్రి మాటను దాటి కాదు. మరుసటి రోజు బావ కూతుర్ని వెంటబెట్టుకుని నెట్ సెంటరుకు పోయి ఆ పేరు తీయించాడు.

ఆయన మీద నాకు అప్పుడూ కోపం రాలేదు, ఇప్పుడూ లేదు. ఆయనకు తెలిసిన లోకంలో అడుగు ధర దాచుకోవడమే తెలివి. నా కోపమంతా తరగతిలో నిలబడి ఆ మాట చెప్పిన మనిషి మీద. ఆయన చదువుకున్నవాడు, ఏటేటా పిల్లల చేత ఆప్షన్లు పెట్టించేవాడు. ఆ వరుస ఎట్లా నడుస్తుందో ఆయనకు తెలియదంటే నేను నమ్మను. ఒకవేళ తెలియకనే చెప్పి ఉంటే అది ఇంకా పెద్ద తప్పు. ఆ తరగతిలో కూర్చున్న పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్లు. అది సరైన మాటేనా అని అడిగి తెలుసుకోవడానికి వాళ్లకు ఇంకో మనిషి లేడు.

మొదటి విడత సీట్లు ఇచ్చిన రోజు నేను మిల్లులో ఉన్నాను. అమ్మాయి ఫోన్ చేసింది.

"మామా, యాడా రాలేదు."

మధ్యాహ్నం కాలేజీలవారీగా ఎవరికి ఎక్కడ సీటు వచ్చిందో తెరిచి చూశాను. మా జిల్లా విశ్వవిద్యాలయంలో, కంప్యూటర్ సైన్స్‌లో, మా అమ్మాయికి వర్తించే రిజర్వేషన్‌లోనే, ఆమెకన్నా బాగా వెనక ర్యాంకు ఉన్న అమ్మాయికి సీటు వచ్చింది. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. చల్లగా చదువుకోవాలి. ఆమె చేసిందల్లా ఆ పేరు రాయడం. మా అమ్మాయి రాయలేదు. మధ్యలో ఉన్న తేడా తెలివిదీ కాదు, కష్టానిదీ కాదు.

సాయంత్రం ఎమ్మిగనూరు పోయేసరికి ఇంటి ముందు మోటారు సైకిలు ఆగి ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన లోపల కుర్చీలో కూర్చుని బావతో మాట్లాడుతున్నాడు. ఏదో ప్రైవేటు కాలేజీ తరఫున సీట్లు నింపే ఏజెంటు.

"పాపకు సీటు రాలేదని తెలిసిందన్నా. మా కాలేజీలో మేనేజిమెంటు సీటు ఒక్కటే మిగిలుండాది. రేపటికి ఉంటాదని సెప్పలేను."

"రెండో విడత ఉంది కదా, జిల్లా విశ్వవిద్యాలయం ఉంది కదా" అన్నాను నేను.

"ఆడ ఏముండాదన్నా? బిల్డింగులుండాయి, సెప్పేటోళ్లు లేరు. పిల్లలు ఈగలు తోలుకుంటాండారు."

"మీరు ఎప్పుడైనా ఆడికి పోయినారా?"

అతను నా వైపు చూడకుండా బావ వైపే చూశాడు. బావ మాత్రం ఇంకా మొదటి మాట దగ్గరే ఉన్నాడు.

"రేపటికి ఉంటాదని సెప్పలేను అన్నావు గదా సామీ. ఆ మాట నేను సంతలో దినామూ సెప్తాను. ముసలెద్దును అంటగట్టాలంటే ఇంకా గట్టిగా సెప్తాను." తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "మా పాపకు రాలేదని పొద్దున తెలిసింది. బంధువులకే ఇంకా సెప్పలేదు. నీకెవరు సెప్పినారు?"

"మాకు తెలుస్తాయన్నా."

"తెలుస్తాయి సరే. నువ్వు యా తట్టు దళారివి? మా తట్టా, ఆ తట్టా?"

అతను నవ్వాడు. నా నంబరు ఇదన్నా అని ఒక కార్డు బల్ల మీద పెట్టి పోయాడు.

ఆ సారుకూ ఈ ఏజెంటుకూ సంబంధం ఉందని చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు. రుజువు లేనిదాన్ని నేను లెక్కలో వేయను. కానీ ఒకరు పిల్లల చేత అడుగు పేరు తీయించారు, ఇంకొకరు ఆ పిల్లల్లో ఎవరికి సీటు రాలేదో తెలుసుకుని తలుపు తట్టారు. ఇద్దరి నోటా ఆ విశ్వవిద్యాలయం వద్దన్న మాటే వచ్చింది. మా పన్నులతో కట్టిన, మా పిల్లల కోసమే నడిచే చదువుల చోటును మా చేతనే ఛీ అనిపించడం కన్నా పెద్ద మోసం ఏముంటుంది? దాని గదులకు రంగు వెలిసి ఉండొచ్చు. పాఠం చెప్పేవాళ్లు ఇంకా కావాలేమో, అది గట్టిగా అడగాల్సిందే. కానీ ఎక్కడా చోటు దొరకని రోజున రా అని పిలిచేది అదొక్కటే. దాన్ని పేరు రాయడానికే సిగ్గుపడేటట్టు చేశారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర బావ నా పళ్లెం వైపు చూస్తూ అన్నాడు. "రెండో తూరి నువ్వు సెప్పినట్టే పెట్టప్పా."

పెట్టాం. ఈసారి ఆ పేరు మరీ అడుగున పెట్టనివ్వలేదు అమ్మాయి, తనే పైకి జరిపింది. కానీ అక్కడ కంప్యూటర్ సైన్స్ మొదటి విడతలోనే నిండిపోయింది. దాని కింద రాసిన ఎలక్ట్రికల్ వచ్చింది.

చేరే రోజున ముగ్గురం పోయాం. బావ ఉతికిన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. కౌంటరులో సర్టిఫికెట్లు చూసి, సంతకాలు పెట్టించుకుని, అయిపోయిందమ్మా అన్నారు.

"ఇంతేనా సార్?" అన్నాడు బావ.

"ఇంకేం కావాలి?"

బావ అక్కడే కాసేపు నిలబడ్డాడు, ఎవరైనా వెనక్కి పిలిచి బేరం మొదలుపెడతారేమో అన్నట్టు. ఎవరూ పిలవలేదు.

ఎలక్ట్రికల్ విభాగం వెతుక్కుంటూ వరండాలో నడిచాం. ఒక గది ముందు అమ్మాయి ఆగింది. కిటికీలోంచి వరుసగా కంప్యూటర్లు, వాటి ముందు పిల్లలు కనబడుతున్నారు. ఎవరూ ఈగలు తోలుకోవడం లేదు. ఒక మేడం బోర్డు మీద ఏదో రాస్తూ మధ్యలో వెనక్కి తిరిగి ప్రశ్న అడుగుతోంది.

"ఇది ఎవరి గది పాపా?" అన్నాడు బావ.

"కంప్యూటరోళ్లది నాయనా."

బావ కిటికీ దగ్గరికి పోయి లోపలికి చూశాడు. బోర్డు మీద ఉన్నదేదీ ఆయనకు అర్థమయ్యేది కాదు, అయినా చాలాసేపు చూశాడు. తర్వాత తువ్వాలు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, కూతురి చేతిలోని సంచి తను తీసుకున్నాడు.

"పా, మనది యాడుండాదో సూద్దాం" అన్నాడు.