రవాంగ్‌కి ఫుల్ టికెట్టు

నరసమ్మకి రైలంటే మహా కోపం. బస్సంటే అంతకన్నా కోపం. రైలు ఆలస్యమైతే ప్లాట్‌ఫారం మీద అందరూ ఫోన్లలోకి తలలు దూరుస్తారు. ఈవిడ మాత్రం సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని, పట్టాల వైపు చూస్తూ తెలుగులో తిట్టిపోస్తుంది. చుట్టూ ఉన్న మలాయివాళ్ళకీ చీనావాళ్ళకీ తమిళులకీ ఒక్క ముక్క అర్థం కాదు కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరితోనూ పేచీ రాలేదు. పెద్దావిడ ఏదో స్తోత్రం చదువుకుంటోందనుకుని ఒకసారి ఒక తమిళ కుర్రాడు లేచి సీటు కూడా ఇచ్చాడు.

అంత కోపం ఉన్న మనిషి హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు కదా అంటారేమో. కూర్చోలేదు. ఆమె ఉండేది మలేషియాలో, బంటింగ్‌లో. అక్కడి నుంచి బస్సులో క్లాంగ్, క్లాంగ్ నుంచి రైల్లో రవాంగ్ పోవాలి. ఆ రవాంగ్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఆమె తమ్ముడు పైడిరాజు ఉన్నాడు. నరసమ్మ వెళ్ళి నోరు తెరవమంటేనే వాడు అన్నం తింటాడు.

పైడిరాజు ఒకప్పుడు లారీ తోలేవాడు. మలాయి, అరవం, చీనావాళ్ళ బూతులతో సహా అన్నీ గడగడా మాట్లాడేవాడు. పెళ్ళి మాటెత్తితే మా అప్ప చూసిన పిల్లనే చేసుకుంటాననేవాడు, అప్ప చూసిన ప్రతి పిల్లకీ ఏదో వంక పెట్టేవాడు. వాళ్ళ తాతలు విశాఖపట్నం వైపు నుంచి రబ్బరు ఎస్టేటు కూలికొచ్చినవాళ్ళు. అక్కని అప్ప అనడం అప్పటి నుంచీ ఇంట్లో ఉన్న అలవాటు. అరవైకి రాకుండానే పైడిరాజుకి మతిమరుపు జబ్బు పట్టుకుంది. మొదట దారులు మర్చిపోయాడు, ఉద్యోగం పోయింది. తర్వాత భాషలు పోవడం మొదలుపెట్టాయి. మలాయి ముందు పోయింది. ఆ వెనకే అరవం పోయింది. ఎస్టేటు కూలీల లైను ఇళ్ళలో అప్ప చంకెక్కి నేర్చుకున్న తెలుగొక్కటే మిగిలింది.

కొన్నాళ్ళు నరసమ్మ దగ్గరే ఉన్నాడు. ఆమె ఉండేదే కూతురు చంద్ర కాపురంలో. నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు, లిఫ్టు లేదు. ఒకనాడు అందరూ పనులకి పోయినప్పుడు వీడు మెట్లు దిగి పెద్ద రోడ్డు మధ్యన నిలబడ్డాడు. వచ్చే లారీలన్నీ తనవే అనుకున్నాడో ఏమో, చెయ్యెత్తి ఆపబోయాడు. ఆ మర్నాడు అల్లుడు ఆశ్రమం మాట ఎత్తాడు. పాపం అల్లుణ్ణి అనడానికి లేదు, తిట్టలేదు, విసుక్కోలేదు, తలొంచుకుని చెప్పాడు. రవాంగ్‌లో ఆశ్రమంవాళ్ళు పైడిరాజుని ఊరికే చేర్చుకున్నారు, వాడికి దేశస్థులకిచ్చే నీలం కార్డు ఉంది కాబట్టి.

నరసమ్మది ఎర్ర కార్డు. ఈ ముచ్చట కూడా చెప్పాల్సిందే. ఆమె పుట్టిన మర్నాడు వాళ్ళ నాన్న తలగుడ్డ చుట్టుకుని ఎస్టేటు ఆఫీసుకి వెళ్ళి, కిరాణీకి, అంటే గుమాస్తాకి, ఆడపిల్ల పుట్టిందని చెప్పి వచ్చాడు. కిరాణీకి చెబితే సర్కారుకి చెప్పినట్టేనని ఆయన నమ్మకం. జీతం, బియ్యం, మందుమాకు, ఆఖరికి చావు కబురైనా కిరాణీ చేతి మీదుగా నడిచే రోజులవి. ఇంకో చోట కూడా రాయించాలని ఆయనకెలా తెలుస్తుంది? పైడిరాజు మాత్రం కడుపులో అడ్డం తిరిగి, తల్లిని క్లాంగ్‌లో ఆస్పత్రికి మోసుకుపోతే అక్కడ పుట్టాడు. డాక్టరమ్మే కాగితం రాసిచ్చింది. అలా ఒక్క కడుపున పుట్టిన ఇద్దరిలో వాడు దేశస్థుడయ్యాడు, ఈమె ఉండనిచ్చిన మనిషి అయింది. నరసమ్మ సర్కారు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, విసిగి, ఊరుకుంది. ఎర్రదైతేనేం, నీలమైతేనేం, అన్నం పెట్టేది చెయ్యే కదా అనుకునేది.

చాలాకాలం ఆ తేడా ఆమెకి పెద్దగా తగల్లేదు. క్లాంగ్ స్టేషనులో కౌంటరు దగ్గర ఒక మలాయి పెద్దాయన కూర్చునేవాడు. కార్డూ గీర్డూ అడిగేవాడు కాదు. నెరిసిన జుట్టు చూసి, నవ్వి, ముసలివాళ్ళకిచ్చే సగం టికెట్టు చింపి ఇచ్చేవాడు. నరసమ్మ పొద్దున్న టిఫిన్ కొట్లో గిన్నెలు తోమి, వచ్చే డబ్బుతో వారానికి మూడుసార్లు రవాంగ్ వెళ్ళగలిగేది. వెళ్ళి, వాడికి నీళ్ళు పోసి, కూర కలిపి, "పైడీ, నోరు తెరు" అనేది. వాడు తెరిచేవాడు. ఆశ్రమంలో మిగతావాళ్ళు ఎవరెంత బతిమాలినా పళ్ళు బిగించుకునేవాడు. వాళ్ళు అరవంలో బుజ్జగిస్తుంటే వాడికి ఎవరో పరాయివాళ్ళు ఇంట్లో జొరబడి అరుస్తున్నట్టుండేది కాబోలు.

తర్వాత ఆ కౌంటరు మూసేశారు. పెద్దాయన ఏమయ్యాడో తెలియదు. రైల్వే ఎప్పుడో సర్కారు ఖాతాలోంచి కంపెనీ ఖాతాలోకి పోయిందని, కంపెనీకి మనుషులు దండగని అల్లుడు వివరించాడు. నరసమ్మకి అదంతా బోధపడలేదు. గేటు దగ్గర మిషను వచ్చిందనీ, రాయితీ కావాలంటే దానికి వేరే కార్డు చేయించుకోవాలనీ మాత్రం తెలిసింది. వెళ్ళి లైన్లో నిలబడింది. అక్కడున్న అమ్మాయి చిన్నపిల్ల, మర్యాద తెలిసిన పిల్ల. ఎర్ర కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, గొంతు తగ్గించి మలాయిలో చెప్పింది.

"రాయితీ ఈ దేశస్థులకేనండి, పెద్దమ్మా. మీరు ఫుల్ టికెట్టు కొనాలి."

"నేను ఇక్కడే, బంటింగ్‌లోనే పుట్టానమ్మా," అంది నరసమ్మ.

"తెలుస్తూనే ఉందండి. కానీ మిషను తీసుకోదు."

అరుద్దామనే అనుకుంది నరసమ్మ. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి నోరు రాలేదు. మొత్తం చార్జీ కట్టి రైలెక్కింది.

ఆ రోజు నుంచి వారానికి మూడు ప్రయాణాలు ఒకటయ్యాయి. దానికి తోడు బంటింగ్ బస్సు కంపెనీవాడు లాభం రావడం లేదని సాయంత్రం ట్రిప్పులు ఎత్తేశాడు. రైలు కాస్త ఆలస్యమైతే చాలు, క్లాంగ్‌లో ఆఖరి బస్సు వెళ్ళిపోయేది. అప్పుడు చంద్రకి ఫోన్ చేస్తే, చంద్ర తన ఫోనులో కారు పిలిచేది. ఆ కారు కిరాయితో వారం కష్టం ఊడ్చుకుపోయేది. ఒకటి కాస్తా రెండు వారాలకొకటయింది. నరసమ్మ ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే ముద్ద గొంతు దిగేది కాదు. వాడు ఈ పూట తిన్నాడో లేదో అన్నదే ధ్యాస.

ఆశ్రమంవాళ్ళు ఫోనులో నరసమ్మ బొమ్మ చూపించి మాట్లాడించబోయారు. వాడు ఫోను వంక చూడనే లేదు.

అప్పుడు నరసమ్మకి గుణవతి గుర్తొచ్చింది. గుణవతి ఆశ్రమంలో ఆయా, తమిళావిడ, నలభై ఏళ్ళుంటాయి, చెయ్యి మెత్తన. ఒక ఆదివారం నరసమ్మ ఆమెని వరండాలో కూర్చోబెట్టి అరవంలో అడిగింది. "నాలుగు ముక్కలు మా మాట నేర్పుతాను. నేను లేనప్పుడు వాడితో అను. అంటావా?"

గుణవతి నవ్వి ఒప్పుకుంది.

నేర్పడం తేలికేం కాలేదు. నరసమ్మ సహనం ఉన్న పంతులమ్మ కాదు.

"పైడీ, లెగు."

"పైడీ, లేగు."

"లేగు కాదు తల్లీ, లెగు. వాడేమన్నా దూడా?"

"పైడీ, లెగు. బువ్వ తిందాం. నోరు తెరు. నీల్లోసుకుందాం. నొప్పేత్తందేటి?"

గుణవతి నోట ఆ మాటలు వంకరటింకరగా వస్తుంటే ఇద్దరూ కడుపులు పట్టుకుని నవ్వారు. ఆశ్రమంలో నరసమ్మ నవ్వింది ఆ ఒక్కరోజే. వెళ్ళేముందు ఇంకో మాట చెప్పింది. "గొంతు కూడా నాలాగే పెట్టు. కొంచెం కసురుతున్నట్టు. మెత్తగా అంటే వాడు నమ్మడు." ఆ మధ్యాహ్నం గుణవతి కసిరితే పైడిరాజు ఒక ముద్ద తిన్నాడు. నరసమ్మ గుమ్మం చాటునుంచి చూసి, దండం పెట్టుకుంది.

తర్వాత పట్టాల పని మొదలైంది. రైలు సగం దూరమే నడుస్తుంది, మిగతా దూరం బస్సులో తీసుకెళ్తామన్నారు. చార్జీ మాత్రం సగం చెయ్యలేదు. నరసమ్మ కూర వండి, డబ్బాలో పెట్టుకుని, గిన్నెల పని కాగానే బయల్దేరింది. రైలు దింపేసిన చోట ఎండలో నిలబడింది. వస్తుందన్న బస్సు ఎంతకీ రాలేదు. వచ్చినది నిండిపోయింది. రెండోది వచ్చేసరికి పొద్దు వాలుతోంది, ఇప్పుడు ముందుకెళ్తే క్లాంగ్‌లో ఆఖరి బస్సు దొరకదు, కారుకి డబ్బు లేదు. వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. బంటింగ్ చేరేసరికి డబ్బాలో కూర వాసనొచ్చింది. మెట్ల కింద పారబోసి, అక్కడే గోడకానుకుని ఏడ్చింది. రైలువాళ్ళని కూడా తిట్టలేకపోయింది.

చంద్ర కిందికి దిగొచ్చి పక్కన కూర్చుంది. చంద్రకి తెలుగు అర్థమవుతుంది గానీ నోట మాట తడుముకోవాలి.

"అమ్మా, ఎల్లకు. మావకి నువ్వొచ్చినా తెల్దు, రాకపోయినా తెల్దు."

"ఆడికి తెల్దు," అంది నరసమ్మ. "నాకు తెలుసు గదేటి."

పట్టాల పని సాగుతూనే ఉంది. గుణవతి మాత్రం ఫోన్ చేసేది. ఈ రోజు పూర్తిగా తిన్నాడమ్మా అనేది. నీళ్ళు పోస్తే గొడవ చెయ్యలేదమ్మా అనేది. బుగ్గలు వచ్చాయి, చూస్తే గుర్తుపట్టరు అనేది. నరసమ్మ ఫోను పెట్టేసి దేవుడి పటం ముందు దీపం వెలిగించేది. మనసు తేలికపడేది. ఆ వెంటనే ఎక్కడో చిన్న ముల్లు దిగినట్టు కూడా ఉండేది. ఛీ, ఇదేం పాడు బుద్ధి అని తన్ను తనే తిట్టుకునేది.

రైలు మళ్ళీ తిన్నగా నడవడం మొదలయ్యాక, జీతం చేతికొచ్చిన రోజునే బయల్దేరింది. దారిలో ఎవరినీ ఏమీ అనలేదు. వాడికిష్టమని ఎండుచేప వేపుడు పట్టుకెళ్ళింది.

ఆశ్రమంలో అది భోజనాల వేళ. పైడిరాజు మంచం మీద కూర్చున్నాడు. నిజంగానే బుగ్గలొచ్చాయి. గుణవతి ఎదురుగా స్టూలు మీద కూర్చుని కలిపి పెడుతోంది. "నోరు తెరు, పైడీ," అంటోంది, కసురుతున్నట్టు. అచ్చం నరసమ్మ గొంతే. వాడు తెరుస్తున్నాడు. నరసమ్మకి ప్రాణం లేచొచ్చింది. గబగబా వెళ్ళి మంచం పక్కన నిలబడింది.

పైడిరాజు ఆమెని ఎగాదిగా చూశాడు. గుణవతి వైపు తిరిగాడు.

"అప్పా, ఈ ముసిల్ది ఎవులు?"

గుణవతికి అర్థమయింది. నేర్చుకున్న మాటలు కాకపోయినా అర్థమయింది. ముద్ద పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. "అయ్యో, మీ అక్క ఈవిడేనండి" అని అరవంలో ఏదో చెప్పబోయింది. నరసమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"ఆపకు. ముందు తిననీ."

గుణవతి ముద్ద పెట్టింది. వాడు నమిలి మింగి, ఇంటికొచ్చిన మనిషిని పలకరించకపోతే బాగుండదన్నట్టు అడిగాడు. "ఏ ఊరు మీది?"

"బంటింగు బాబూ."

"శానా దూరం. ఎందుకొచ్చినావు మరి?"

నరసమ్మ చేతిలో డబ్బా మంచం మీద పెట్టింది. "మీ అప్పని సూసెల్దామని."

"సూసినావు గదా," అన్నాడు వాడు. గుణవతి చీర చెంగు పట్టుకున్నాడు. "మా అప్ప ఎక్కడికీ ఎల్దు. నా కాడే ఉంతాది."

తనకి ఏడేళ్ళప్పుడు తల్లి పోతే, వీణ్ణి చంకనేసుకుని రబ్బరు చెట్ల మధ్య తిరిగిన పిల్ల నరసమ్మ. ఆ పిల్లని వాడు మర్చిపోలేదు, పోగొట్టుకోనూ లేదు. రోజూ కళ్ళెదుట ఉన్న మనిషిలో చూసుకుంటున్నాడు. రోజూ రాలేకపోయింది తనే. ఎవరి మీద పడి ఏడవాలో తెలియక ఆమె ఎండుచేప డబ్బా మూత తీసి గుణవతి చేతికిచ్చింది. వాడు ఇష్టంగా తిన్నాడు. ఆమె వాడి కాళ్ళ వైపు కూర్చుని, తినడం అయ్యేదాకా చూసింది.

రైలు వేళవుతోందని లేస్తే, గుణవతి గేటు దాకా వెంట వచ్చింది. ఏడుస్తోంది. "నేను అలా చెప్పలేదమ్మా. ఆయనే అనుకుంటున్నాడు. మీరొస్తూ ఉంటే మళ్ళీ..."

"ఈ చార్జీలకి నేనెన్నిసార్లు రాగలను, గుణవతీ?" అంది నరసమ్మ. "వాడికి అప్ప ఉంది, అది చాలు."

గుణవతి కళ్ళు తుడుచుకుని మెల్లగా అడిగింది. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచి ఏడుస్తాడట, ఆ వేళ ఏమనాలో మీరు నేర్పలేదంది.

నేర్పలేదు నిజమే. కావాలనే నేర్పలేదు. తల్లి పోయిన కొత్తలో చీకట్లో వాణ్ణి జోకొట్టిన మాట అది. అన్నీ ఇచ్చేసినా ఆ ఒక్కటీ తన దగ్గరే ఉంచుకుంది నరసమ్మ. తెరిచిన గేటు మళ్ళీ మూసి, గుణవతి దగ్గరికి వచ్చింది.

"ఈపు మీద సెయ్యెయ్యి," అంది చివరికి, తెలుగులోనే. గుణవతికి అర్థం కాలేదని గుర్తొచ్చి, ఆమె వీపు మీద చెయ్యి వేసి చూపించింది. "ఇలాగ. వేసి, ఇలా అను. నా గుంటడే, నానున్నాను గదా."

గుణవతి అంది. మొదటిసారి తప్పు పలికింది. నరసమ్మ మళ్ళీ చెప్పించింది. సరిగ్గా వచ్చేదాకా చెప్పించి, అప్పుడు స్టేషను దారి పట్టింది.