కారు అరిస్తే పరుగు

కారు సైరన్ వినబడిందంటే చాలు, మామగారు ఏ అవతారంలో ఉంటే ఆ అవతారంలోనే మెట్లు దిగి పరుగెత్తేవారు. అది తన కారా, ఎవరి కారా అన్న విచారణంతా కిందికి వెళ్ళాకే. నోట్లో బ్రష్షుతో ఒకసారి, సగం గీసిన గడ్డంతో ఒకసారి, అల్లుడి ఆఫీసరు చెయ్యి కలపబోతుంటే ఆ చేతిని అలాగే గాల్లో వదిలేసి ఒకసారి. టీవీలో పోలీసు జీపు కూసినా సరే, రెండంతస్తులు దిగి చూసొచ్చేవారు.

పోనీ అదేమన్నా కొత్త కారా? పదిహేనేళ్ళ పాతది. దొంగ ఎత్తుకెళ్ళినా మర్నాడు తెచ్చి అప్పగించే రకం! దానికి అలారం, పైగా దూరం నుంచే ఇంజన్ స్టార్ట్ చేసే రిమోటూ పెట్టించారు. ఈ నెలలో ఆరుసార్లు అరిచింది. అరిచి ఊరుకుందా? లోపల నరమానవుడు లేకుండా స్టార్టయి, గుడగుడమంటూ నిలబడింది. వాచ్‌మన్ అటువైపు పోవడమే మానేశాడు.

చివరికి అపార్ట్‌మెంట్ సంఘం అల్లుడికి నోటీసిచ్చింది. ఇంకొక్కసారి అరిస్తే కారు గేటు బయటే. అప్పట్నుంచీ అల్లుడికి అన్నం సయించడం లేదు.

"సైరన్ పీకించేద్దాం మామయ్యగారూ."

"అమ్మో, పీకితే ఎలా?"

"పోనీ బయట పెడదాం."

"బయటా? అంత దూరం అందదు!"

"ఏం అందదు?"

మామగారు కళ్ళజోడు తుడుచుకోవడంలో మునిగిపోయారు.

ఆదివారం పొద్దున్నే ఫిట్టర్ వచ్చాడు. బానెట్ ఎత్తాడు, స్టీరింగ్ కింద దూరాడు, అద్దం తట్టి చూశాడు. గేర్ న్యూట్రల్‌లోనే ఉందా అని మామగారు మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఉంది.

"సెన్సర్ బాగానే ఉంది సార్. దీన్నెవరో రిమోట్‌తో మోగిస్తున్నారు. ఇందులో రెండు రిమోట్లు ఎక్కించి ఉన్నాయి."

"మా దగ్గర ఒక్కటేగా ఉంది!" అన్నాడు అల్లుడు.

"అయితే మళ్ళీ ప్రోగ్రామ్ చేస్తా. పాతవన్నీ చెరిగిపోయి, ఈ ఒక్కటే పనిచేస్తుంది." ఫిట్టర్ తాళం తిప్పడం మొదలుపెట్టాడు. "ఐదుసార్లు తిప్పాలి. ఒకటి... రెండు..."

మామగారు ఒక అడుగు దగ్గరికి జరిగారు.

"మూడు... నాలుగు..."

"ఆగవయ్యా బాబూ!" మామగారు ఒక్క ఉదుటున అతని చెయ్యి పట్టేసుకున్నారు. "చెరిపేస్తే ఆవిడ గతేం కాను?"

ఏ ఆవిడ? అల్లుడు భయంభయంగా తలెత్తి చూశాడు. అత్తగారు బాల్కనీలోనే ఉన్నారు, చెవులు రిక్కించుకుని.

మామగారు వెళ్ళి, కారు పక్కనే ఉన్న కిటికీ తట్టారు. కాసేపటికి చేతికర్ర టకటకలాడించుకుంటూ, కింది వాటాలో ఒంటరిగా ఉండే రిటైర్డ్ టీచరమ్మ బయటికొచ్చింది. మెళ్ళో దారానికి రెండో రిమోట్ వేలాడుతోంది.

"ఆపదొస్తే నొక్కమని మీ మామగారే ఇచ్చారు నాయనా. స్నానాలగదిలో జారిపడ్డప్పుడు దీన్ని నొక్కాను. మీ మామగారు మొహాన సబ్బునురగతోనే వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అప్పటికే బండి స్టార్టయి ఉంది. ఎవరికీ చెప్పద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. తెలిస్తే మావాళ్ళు నన్నిక్కడ ఒక్కదాన్ని ఉండనివ్వరు."

"మరి మిగతా ఐదుసార్లూ?"

టీచరమ్మ తలదించుకుంది. "టీవీ ఛానల్ మారుద్దామని..."

అల్లుడికి నవ్వాగలేదు. ఫిట్టరే ఉపాయం చెప్పాడు. "సైరన్ తీసేసి, సార్ జేబులో మాత్రమే మోగే రిమోట్ ఇస్తాను. ఎవరికీ గొడవుండదు."

హమ్మయ్య అనుకున్నాడు అల్లుడు. మామగారు మాత్రం అడ్డంగా తలూపారు.

"నేను ఊళ్ళో లేని రోజు నా జేబు మోగితే ఆవిడకేం లాభం? సైరనైతే, నన్ను తిట్టడానికైనా మీరందరూ బయటికొస్తారుగా!"

అల్లుడు రెండు రిమోట్లూ ఎక్కించమని ఫిట్టరుకి చెప్పి, సంఘం ఆఫీసువైపు కదిలాడు.

"ఉండు నాయనా, నేనూ వచ్చి చెప్తాను," అంది టీచరమ్మ కర్ర అందుకుంటూ. "ఆ టీవీ సంగతి మాత్రం అక్కడ ఎత్తకు."