దిద్దిన పేపరు, రజితక్క

మధ్యాహ్నం పన్నెండుకి చర్చి గంటలు మోగితే నాకు ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది. జర్మనీలో ఇప్పుడు నేను ఉద్యోగం చేస్తున్న జిండెల్ఫింగెన్‌లోనూ అంతే. ఆఫీసులో అందరూ భోజనానికి లేస్తుంటే నేను ఒక్క క్షణం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంటాను. ఆ మోత నన్ను చదువుకున్న ఫ్రైబెర్గ్‌కి, మా డిపార్ట్‌మెంట్ కారిడార్‌కి, అక్కడ తడిసిన కోటుతో నిలబడ్డ రజితక్క దగ్గరికి లాక్కుపోతుంది.

ఫ్రైబెర్గ్ ఒకప్పుడు వెండి గనుల మీద బతికిన ఊరు. రాళ్ళు పరిచిన సందులు, ఏటవాలు కప్పుల ఇళ్ళు. ఫొటోలు పంపితే మా అమ్మ తెనాలి నుంచి, "ఎంత బావుందే! అక్కడుండి కూడా మొహం వేలాడేస్తావేంటి?" అనేది. ఆ ఊరి అందం నేను చూసింది తక్కువ. మెకానికల్ ఎమ్మెస్‌లో హీట్ ట్రాన్స్‌ఫర్ పరీక్ష రెండుసార్లు తప్పాను. మూడోసారి కూడా తప్పితే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు, ఆ చదువు జర్మనీలో ఇంకెక్కడా చదవనివ్వరు. చదువు లేకపోతే వీసా ఉండదు. నిద్ర లేస్తూనే ఈ మూడు సంగతులూ వరసగా గుర్తొచ్చేవి.

రజితక్కది జగిత్యాల. మా అద్దింట్లో ఎదురుగది ఆమెది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. పొద్దున్నే రైలెక్కి కెమ్నిట్జ్‌లో ఉద్యోగానికి వెళ్ళేది. మెత్తగా మాట్లాడటం ఆమెకు రాదు. రెండోసారి తప్పానని తెలిసిన సాయంత్రం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, "పేపర్ చూసుకున్నవా?" అని అడిగింది.

చూసుకోలేదన్నాను. దిద్దిన పేపర్లు చూసుకోవడానికి అక్కడ ఒక రోజు, ఒక గంట కేటాయిస్తారు. ఐన్‌జిష్ట్ అంటారు. నోటీసు చూశాను గానీ, వెళ్తే సార్ దిద్దింది తప్పని నిలదీసినట్టవుతుందని ఊరుకుందామనుకున్నాను. మన దగ్గర రీవాల్యుయేషన్ పెట్టినవాడిని లెక్చరర్లు ఎలా చూస్తారో నాకు తెలుసు కదా.

కత్తి ఆగిపోయింది. "ఏడ తప్పినవో తెల్వకుండనే మల్ల రాసినవా? మొదటిపారి గూడ పోలే?"

"లేదక్కా."

"నువ్వు పరీక్ష రాస్తున్నవానే, లాటరీ కొడుతున్నవా?"

రెండోసారి రాసిన పేపరు చూసుకునే గడువు ఇంకా దాటలేదు, ఆ గురువారం పదకొండు నుంచి పన్నెండు వరకు. రజితక్క సెలవు పెట్టింది. ముందురోజు సాయంత్రం వంటింటి బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టి, "నేనే సార్‌ను. అడుగు" అంది. ఒక లెక్క గురించి అడిగితే ఏదో చెప్పింది. నేను అలవాటుగా తలూపాను. "ఏం సమజయింది?" అంది. ఏమీ అర్థం కాలేదు. "మరి తలెందుకూపినవ్? నువ్వు తలూపితే ఆయన నిజంగనే తెలిసిందనుకుంటడు. తలూపుడు బంద్ చెయ్." నాకు కోపమొచ్చింది. పెద్దవాళ్ళు చెబుతుంటే తలూపక బండరాయిలా కూర్చోవాలా అనిపించింది. కానీ ఆమె అన్నది నిజం.

గురువారం వాన. గదిలోకి పరీక్ష రాసినవాళ్ళనే రానిస్తారు కాబట్టి రజితక్క కారిడార్‌లో ఉండిపోయింది. దిద్దిన అసిస్టెంట్ నా పేపరు ఇచ్చాడు. పేజీల నిండా లెక్కలు. జవాబుల చుట్టూ నేను గీసిన డబ్బాలు. పక్కన ఎర్ర సిరాతో సున్నాలు, ఒకట్లు. ఆయన వచ్చి ఏవైనా సందేహాలున్నాయా అని ఇంగ్లీషులో అడిగాడు. లేవని చెప్పి, థాంక్స్ కూడా చెప్పి బయటికొచ్చేశాను.

"ఏమడిగినవ్?" అంది రజితక్క.

"ఏం అడగలేదక్కా. నా వల్ల కాదు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆమె మొహం పాలిపోయింది. గడియారం చూసి, "ఇంక పన్నెండు నిమిషాలున్నయ్. లోపలికి పో" అంది. నేను కదలకపోతే భుజం పట్టి తలుపు వైపు తిప్పింది. నా పరీక్షకి ఆమెకెందుకు ఇంత భయమో అర్థం కాలేదు.

మళ్ళీ లోపలికి వెళ్ళాను. ఎర్ర సున్నా మీద వేలు పెట్టి ఇదెందుకని అడిగాను. అసిస్టెంట్ చెప్పాడు. తల దానంతటదే ఊగబోయింది, ఆపుకున్నాను. "నాకు అర్థం కాలేదు" అన్నాను. ఆయనకి కోపం రాలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "జవాబు సరైనదే. ఈ సూత్రం ఇక్కడ ఎందుకు పనికొస్తుందో మీరు రాయలేదు. మార్కులన్నీ దానికే." అంతే సంగతి. రెండు పరీక్షల్లోనూ నేను సూత్రం బట్టీపట్టి, లెక్క చేసి, డబ్బా గీశాను. ఒక్కచోట కూడా ఎందుకో రాయలేదు. బయట చర్చి గంటలు పన్నెండు కొట్టడం మొదలైంది. మార్కులు ఒక్కటీ పెరగలేదు.

మూడోసారి పరీక్షలో ప్రతి లెక్క ముందూ ఎందుకో రాశాను. చేతుల చెమటకి పెన్ను జారిపోయింది. చివరి లెక్క వదిలేయాల్సొచ్చింది. ఆ తర్వాత ఐదు వారాలు ఎలా గడిచాయో చెప్పలేను. నాలుగు పాయింట్ సున్నా వచ్చింది. అక్కడ ఒకటి అన్నిటికంటే మంచి గ్రేడు, నాలుగు దాటితే తప్పినట్టే, అంటే అంచు మీద పాసయ్యాను. నేను వంటింట్లో గంతులేస్తుంటే రజితక్క స్టవ్ ఆపి కూలబడి ఏడ్చింది.

"నాది గూడ మెకానికలేనే. వేరే ఊర్ల. మూడుసార్లు తప్పిన, తీసేసిన్రు. ఒక్కపారి గూడ పేపర్ చూసుకోలే. మూడోసారి తలుపు దాంక పోయి, సార్‌కు కోపమొస్తదని వాపసొచ్చిన. మల్ల మొదటి నుంచి ఇంకో చదువు చదివిన. మావోళ్ళకు నేనే కోర్సు మారిన్నని చెప్పిన."

వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఆ మనిషి కసురుతుంటే పొగరనుకున్నందుకు సిగ్గేసింది.

ఇప్పుడామె కొలోన్‌లో ఉంటోంది. ఇదంతా రాయనా అని ఫోన్ చేసి అడిగితే, "పేరు మార్చి రాయి. పోరగాండ్లు సదివి పేపర్ చూసుకుంటరు" అంది. నాకు భయం పోలేదు. మీటింగుల్లో "నాకు అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పండి" అనేముందు ఇవాళ్టికీ వెనకాడతాను. అయినా అంటాను. అన్న ప్రతిసారీ, తలుపు దాకా వెళ్ళి ఒంటరిగా తిరిగొచ్చేసిన ఒక పిల్ల గుర్తొస్తుంది. ఆ రోజు ఆమెను భుజం పట్టి వెనక్కి తిప్పడానికి ఎవరూ లేరు.