ఇంటర్వ్యూలు తప్పిన ఇంటర్వ్యూ సారు

ఆ రోజుల్లో నాకు అంతుబట్టని సంగతి ఒకటుండేది. నా తలలోని చదువంతా, తలుపు తోసి "లోపలికి రావచ్చా సార్" అనగానే ఎటు పారిపోయేదో! కంప్యూటర్ డిగ్రీ చేతికొచ్చి రెండేళ్ళయింది. మహబూబాబాద్‌లో మా ఇంటి వెనక గదిలో ప్రోగ్రాములు రాస్తూ కూర్చుంటే నాకు ఆకలి కూడా గుర్తుండేది కాదు. అదే ప్రోగ్రాము గురించి ఎదుటివాళ్ళు అడిగితే మాత్రం నా పేరు చెప్పడానికే కాస్త ఆలోచించుకోవాల్సి వచ్చేది. అలా పదకొండు ఇంటర్వ్యూలు తప్పాను. (ఒకసారి చిరునామా పొరబడి పక్క భవనంలోని పళ్ళ దవాఖానలో అరగంట కూర్చొచ్చాను. దాన్ని ఇందులో కలపలేదు.) అమ్మీ నన్ను ఏమీ అనేది కాదు. ఎవరైనా "మీ పిలగాడు ఏం జేస్తుండు?" అని అడిగితే మాత్రం "కంప్యూటర్ల ఉన్నడు" అనేది, నేనేదో అందులోనే కాపురముంటున్నట్టు.

నా అవస్థ చూడలేక జనగామలో ఉండే మామూ, అంటే అమ్మీ తమ్ముడు, నన్ను తన దగ్గరికి పిలిపించుకున్నాడు. ఆయన పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఎంత పెద్ద సమస్యకైనా తడుముకోకుండా పరిష్కారం చెప్పేవాడు, అది పనికొచ్చేదా కాదా అన్నది వేరే మాట. "ఖాళీగ కూసుంటే దిమాగ్ ఖరాబైతది బేటా" అంటూ తనకు తెలిసినవాళ్ళ మొబైల్ దుకాణం పైగదికి తీసుకెళ్ళాడు. "గీడ పోరగాండ్లకు ఇంటర్వ్యూ నేర్పియ్."

"మామూ, నాకే వస్తలేదు గదా!"

"పదకొండు సార్లు పోయొచ్చినవ్. జనగామల నీకంటె ఎక్కువ సార్లు పోయినోడు ఎవడున్నడో చూపెట్టు."

దానికి నా దగ్గర జవాబు లేదు. (జవాబులుంటే ఉద్యోగమే వచ్చేది కదా.) వారం తిరిగేసరికి గదిలో బల్ల, కుర్చీలు, ఎనిమిదిమంది విద్యార్థులు చేరారు. కాలేజీలో వార్షికోత్సవాలకు హాస్యనాటికలు రాసిన అలవాటుతో ఇంటర్వ్యూలనే చిన్న చిన్న నాటికలుగా రాశాను. ఒక దాంట్లో ఆఫీసరు కోపిష్టి, ఇంకో దాంట్లో ఆవులిస్తూనే ఉంటాడు, మరో దాంట్లో ఫోన్లోంచి తలెత్తడు. లాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాము కూడా తయారుచేశాను. మీట నొక్కితే "ఠంగ్" మని మోగి, ఎవరూ ఊహించని ప్రశ్న తెరమీదికొచ్చేది. ఆఫీసరు వేషం ఎప్పుడూ నాదే. ఆ వేషానికి కోటు కావాలంటే మామూ తన బ్యాండు కోటు ఇచ్చాడు. ఎర్రటి కోటు, భుజాలకు బంగారు రంగు కుచ్చులు. దాన్ని తిరగేసి తొడుక్కుంటే లోపలి నల్లగుడ్డ బయటికొచ్చి, దూరం నుంచి హుందాగానే ఉండేది. దగ్గరికొస్తే మాత్రం కుట్లన్నీ కనిపించేవి.

ఆ ఎనిమిదిమందిలో కొడకండ్ల నుంచి రోజూ బస్సులో వచ్చే అక్క ఒకామె. డిగ్రీ కాగానే పెళ్ళయి, ఇద్దరు పిల్లలు బడికి వెళ్ళేదాకా ఆగి, ఇప్పుడు ఉద్యోగం చెయ్యాలని బయల్దేరిన మనిషి. గదిలో ఉన్నంతసేపు నన్ను "సార్" అనేది. మెట్లు దిగగానే "తమ్మీ, అన్నం తిన్నవా?" అనేది. జవాబులు మాత్రం ఏ నాటికలోనూ ఇమిడేవి కావు. "ఈ ఉద్యోగం మీకెందుకు కావాలి?" అని నేను గొంతు పెంచి అడిగితే, "జీతం కోసం సార్. మీరెందుకు చేస్తున్నరు?" అంది. గదంతా నవ్వింది. ఆఫీసరు ఏమనాలో నేను రాసుకోలేదు, అందుకని దగ్గాను.

మూడు నెలల్లో నా విద్యార్థుల్లో ముగ్గురికి ఉద్యోగాలొచ్చాయి. మిఠాయి తెచ్చి నా కాళ్ళకు మొక్కబోయారు. నేను సిగ్గుతో కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాను. అంతలో భూపాలపల్లిలో ఒక కాలేజీలో ఉద్యోగ మేళా అన్నారు. అక్క ఆఫీసు పనికి, నేను సాఫ్ట్‌వేర్ పనికి దరఖాస్తు పెట్టి, పొద్దున్నే బస్సెక్కాం. రేగొండ దాటేదాకా అక్క నిద్రపోయింది. నేను నా నాటికలు నేనే వల్లించుకున్నాను.

నా పేరు పిలిచి పంపిన గదిలోకి వెళితే ఎవరూ లేరు. ఒక బల్ల, దానికి అటూ ఇటూ కుర్చీలు. మూడు నెలల అలవాటు ఊరుకుంటుందా! తిన్నగా వెళ్ళి తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. మరుక్షణం కాగితాలతో ఒక మేడమ్, ఆమె వెనక ఒక సారు లోపలికొచ్చారు.

"రండి, కూర్చోండి" అన్నాను. నా గొంతు కంచులా మోగింది. "మీ గురించి చెప్పండి."

సారు గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. మేడమ్ మాత్రం పెదవులు బిగబట్టి, నా ఎదుట కూర్చుని, "పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నానండీ" అంది.

"చాలా సంతోషం. మీలో ఉన్న బలహీనత ఏమిటి?"

"నవ్వు ఆపుకోలేకపోవడం" అంటూ ఆమె ఇక ఆపుకోలేదు.

"బాబూ, నువ్వు కూర్చున్నది నా కుర్చీ" అన్నాడు సారు.

నేను లేచిన ఊపుకు బల్లమీది నీళ్ళ గ్లాసు ఆయన కాగితాల మీద పడింది. ఇటువైపు కుర్చీలోకి మారేసరికి ఆ కంచు గొంతు కూడా అటే ఉండిపోయింది. తర్వాత వాళ్ళేం అడిగారో, నేనేం చెప్పానో నాకు తెలియదు. చివర్లో సారు "మేము కబురు చేస్తాం" అన్నాడు. ఆ మాట నా నాటికలన్నింటికీ ఆఖరి మాట. దాని అర్థం నాకంటే బాగా ఎవరికి తెలుసు?

అక్కకు అక్కడికక్కడే భూపాలపల్లిలో ఉద్యోగం ఖాయమైంది. తిరుగు బస్సులో జరిగింది చెప్పి, "రేపటి నుంచి గది మూసేస్త అక్కా" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అటు దిక్కు కూసున్నప్పుడు భయం కాలే గద?"

"కాలే."

"మరి అటు కూసున్నది నువ్వే గద తమ్మీ, వేరేటోడు గాదు గద! రేపు నువ్వు ఇటు కూసో. నేను అడుగుత."

ఉద్యోగంలో చేరడానికి ఆమెకు పది రోజుల గడువుంది. పది రోజులూ కొడకండ్ల నుంచి వచ్చింది. "గా వేషం నాకొద్దు" అని కోటు పక్కన పెట్టి, ఆఫీసరు కుర్చీలో కూర్చుని మీట నొక్కేది. ఠంగ్! నేను జవాబు మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపేది. "గది నువ్వు రాసిన మాట. మాకందరికి జెప్పినవ్. నీ మాటేంది?" మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి, మళ్ళీ ఆపేది. ఆరో రోజు ప్రోగ్రాములో లేని ప్రశ్న వేసింది. "ఇంటర్వ్యూ పదకొండు సార్లు ఎందుకు పోయింది?"

"పన్నెండు" అన్నాను.

"ఎందుకు పోయింది?"

"నేను మాట్లాడితే నవ్వుతరని భయం అక్కా. మన మాటకు నవ్వుతరు."

"నవ్వితే నవ్వనీ. నవ్వుడు అయినంక మల్ల చెప్పు. ఎన్నిసార్లు నవ్వుతరు?"

మిగిలిన నాలుగు రోజులూ అదే పని పట్టాను. చెప్పిందే చెప్పాను, తడబడితే మళ్ళీ చెప్పాను. పదమూడో ఇంటర్వ్యూ ఇంకో కంపెనీది, మామూ ఇంట్లోంచే వీడియోలో జరిగింది. ఏం తయారుచేశావని అడిగితే, ఠంగ్ మనే ప్రోగ్రాము గురించి, దాన్ని ఎందుకు రాయాల్సొచ్చిందో, నా భయంతో సహా, మా ఇంట్లో మాట్లాడినట్టే చెప్పాను. ఒకాయన నవ్వాడు. నవ్వు అయ్యేదాకా ఆగి, మళ్ళీ చెప్పాను. అప్పుడు ఆ ప్రోగ్రాము తీసి చూపించమన్నారు. చూపించాను. ముప్పావుగంట దాని మీదే ప్రశ్నలు. అన్నీ అయ్యాక, "ఎప్పుడు చేరగలరు?" అన్నారు.

నా నాటికల్లో ఎవ్వరూ అంతదూరం రాలేదు, ఆ ప్రశ్నకు జవాబు నేనెన్నడూ రాయలేదు! తలుపు వెనక నక్కిన మామూ ఉండబట్టలేక, "రేపే అను బేటా, రేపే!" అని అరిచాడు. "రేపే సార్" అన్నాను. "ఒకటో తారీఖు చాలు" అన్నారు వాళ్ళు, నవ్వుతూ.

ఇప్పుడు వారమంతా జనగామలోనే కూర్చుని ఆ కంపెనీ పని చేస్తాను, ఆదివారం పైగదిలో పాఠం చెబుతాను, వీలు చిక్కినప్పుడు నాటికలు రాస్తాను. కొత్తగా చేరేవాళ్ళు "మాకు ఉద్యోగం వస్తుందా సార్?" అని అడిగితే, చేసేది చేద్దాం, చూద్దాం అని ఆచితూచి చెబుతాను. ఒక్క ఇంటర్వ్యూ కూడా గట్టెక్కని రోజుల్లో మాత్రం "ఎందుకు రాదు, నేనున్నా" అని ఎనిమిదిమంది ముందు బల్లగుద్ది చెప్పాను. ఏం చూసుకుని చెప్పాడో, నాలోని ఆనాటి పిచ్చివాడు! వాడు ఎప్పుడైనా ఎదురైతే మందలించాలనే ఉంటుంది. కానీ ముందుగా వాడి ఎదుట కూర్చుని, ఆ ధైర్యం ఎక్కడిదని అడుగుతాను.