గబ్బిలాల బీరువా

మా ముత్తాత వెంకట నర్సింహారెడ్డి దేశ్‌ముఖ్. కోహీర్ వైపు ఊళ్ల శిస్తు ఆయన చేతి మీదుగానే సర్కారుకు చేరేది. మా తాత రాజిరెడ్డి జహీరాబాద్‌లో కోటలాంటి రెండంతస్తుల గడి కట్టించాడు. గుర్రం దిగకుండా లోపలికి రాగలిగేంత ఎత్తు దర్వాజా. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నది చెబుతున్నాను. ఇప్పుడు సాయంత్రాలు ఆ గడి గోడ పక్కన కుర్చీ వేసుకుంటే, గోడకు బిగించిన, ఎండకు కాగిన చెక్కపెట్టెలోంచి గబ్బిలాల ఘాటు వాసన వస్తుంది. వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు సుగుణమ్మ టీచర్ గుర్తుకొస్తారు.

ఆవిడ బడిలో సైన్సు చెప్పేవారు. మా పాత గుర్రపుశాలను గదిగా మార్చి అద్దెకిస్తే అందులో ఉండేవారు. పొద్దుగూకే వేళ గడి చూరు కింద నిలబడి, గబ్బిలాలు ఏ సందులోంచి వస్తున్నాయో చూసేవారు. ఇవి పురుగులను తిని బతికేవని, పండ్లతోటల మీద పడే పెద్దవి వేరని నాకు చెప్పింది ఆవిడే. అంతకుముందు నాకు తెలిసిందల్లా, గబ్బిలాలు పట్టిన ఇల్లంటే పాడుపడ్డ ఇల్లని. ఊళ్లో ఎవరూ ఆ మాట అనకూడదని మా అమ్మ ఏటా మిరపకాయల పొగ పెట్టించేది.

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నాన్న పోయాక గడి భారం నా మీద పడింది. పై అంతస్తు విప్పి దూలాలు అమ్మక తప్పలేదు. బేరగాడు ఎండాకాలంలోనే విప్పి ఇవ్వాలన్నాడు. కూలీలను మాట్లాడటానికి బయలుదేరుతుంటే టీచరమ్మ ఎదురొచ్చారు.

"జర ఆగున్రి చిన్నదొరా. పైన తల్లులున్నయి. పిల్లలకు ఇంకా ఎగురుడు రాదు. ఇప్పుడు విప్పితే కిందవడి సస్తయి."

"బేరగాడు ఆగుతడా టీచరమ్మా? ఇంకోకాడ కొనుక్కుంటడు."

"మీ తాత ఈ గడిల తలదాచుకున్నోల్లను పిల్లలతోని ఎల్లగొట్టిండా ఎన్నడన్న?"

ఆ మాటకు నా దగ్గర జవాబు ఒక్కటే ఉంది. బేరగాడిని పిలిపించి, వానలు పోయాక రమ్మన్నాను.

"గబ్బిలాల కోసమా దొరా?" అని నవ్వాడు.

"మా ఇంట్ల ఉన్నోల్ల కోసం," అన్నాను. నవ్వు ఆపి వెళ్లిపోయాడు. తిరిగొస్తాడన్న నమ్మకం నాకు లేదు.

ఈలోగా వాటికి పెట్టె చేయించమన్నారు టీచరమ్మ. మా ఇంటి పేరుకు తగ్గట్టే చేయించాను. మేలైన టేకు, లోపలా బయటా చిత్రిక పట్టి వార్నిష్, ముందు తలుపు, దానికి ఇత్తడి గుబ్బ. ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

"గిదేంది దొరా, గబ్బిలాలకు బీరువా చేయించిన్రా? ఇందుల బట్టలు మడతవెట్టుకుంటయా?"

నాకు ఒళ్లు మండింది. "మా ఇంట్ల గరుకు చెక్క సామాను ఉండదు."

"నునుపు మీకు గావాలె. వాటికి గోళ్లు పట్టాలె. కింద తెరిచుండాలె, అవి కిందికి జారే ఎగురుతయి."

వడ్రంగి చేత తలుపు, అడుగు చెక్క ఊడదీయించాను. లోపలి వార్నిష్ గీకించి, రంపంతో అడ్డగీతలు పెట్టించాను. గబ్బిలాలు వేలాడే చోట పరిచి ఉంచిన, వాటి వాసన పట్టిన గోనెపట్టాను టీచరమ్మే లోపల కొట్టించారు. పొద్దుటి ఎండ తగిలే కింది అంతస్తు గోడకు, ఎదుట కొమ్మలు లేని చోట ఎత్తున బిగించాం. వానలన్నాళ్లూ అది ఖాళీగానే ఉంది. దసరా ముందు ఒక సాయంత్రం ఆవిడ నన్ను కేకేశారు. పెట్టె అడుగు నుంచి ఒక గబ్బిలం రాయిలా జారి, నేలకు తగలకముందే రెక్క విప్పింది. వెనకే మరొకటి.

"వచ్చిన్రు దొరా, నా అసోంటి కిరాయిదార్లు. ఇగ విప్పుకోన్రి."

తర్వాత ఆవిడకు బదిలీ అయింది. ఎవరికైనా చోటు ఇవ్వాల్సి వస్తే నాకు తగినది కాదు, వాళ్లకు కావలసింది ఏమిటని ఇప్పటికీ ముందు అడుగుతాను. నా స్వభావానికి అది తేలిక కాదు.

ఆ ఏడు దసరా దాటాక బేరగాడు తిరిగొచ్చాడు. పై అంతస్తు దూలాలు, వాసాలు, తాత పెట్టించిన ఆ దర్వాజా, మొదట అన్నదానికంటే తక్కువకే అమ్మేశాం.