చేపల గంప మీద వెన్నెల

పూర్ణా మార్కెట్ వెనక ఒక మేడ మీద ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా రచయితల సంఘం కూర్చునేది. డెబ్భైల చివరి సంగతి. అధ్యక్షుడితో కలిపి పదకొండుగురు మగవాళ్ళు, నేను. అధ్యక్షుడు రిటైరైన తెలుగు లెక్చరరు. కథ బలంగా రావాలంటే ఏం చేయాలో ఆయనకు కంఠతా వచ్చు. ప్రకృతి వర్ణనతో మొదలెట్టాలి, పేరాకొక ఉపమానం పడాలి, చివర పాఠకుడి కళ్ళు చెమర్చాలి. అందుకు పాత్రలను ముందే ఏడిపించెయ్యడం ఒక్కటే ఆయనకు తెలిసిన మార్గం. కింద ఉల్లిపాయల బస్తాలు దింపేవాళ్ళు నోరారా తిట్టుకుంటుంటే, ఆ గోల వినపడకుండా కిటికీలు మూయించి మరీ మాకు జనజీవితం గురించి చెప్పేవాడు.

ఆ ఏడు సంఘం కథల సంకలనం వేస్తోంది. అచ్చులో పేరు చూసుకోవాలని నాకు ఎంత యావంటే, ఆయన ఆడించినట్టల్లా ఆడాను. నా కథలో చేపలమ్మే ఒకావిడ మొగుడి పడవ వేళకు తిరిగి రాదు. ఆవిడను ఒడ్డున నిలబెట్టాను. మీద వెన్నెల పోశాను. కన్నీళ్ళను ముత్యాలన్నాను. రేవులో పుట్టి పెరిగిన మనిషి చేత ‘ఓ సముద్రమా’ అనిపించాను. బి.ఏ. చదివిన బుర్ర మరి.

మల్కాపురంలో మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ ఉండేది. రోజూ అర్ధరూపాయి దగ్గర అరగంట కొట్లాడే మనిషి. మెప్పు కోసం ఆవిడకు కథ చదివి వినిపించాను. పొలుసు గీకడం ఆపకుండా విని, చివర అడిగింది.

“ఏటమ్మా, ఆవిడికి పనీపాటా నేదేటి? ఒడ్డున కూకుని ఏడుత్తే పిల్లలకి కూడెవులెడతారు?”

మరి నువ్వైతే ఏం చేస్తావన్నాను, కాస్త పౌరుషంగానే.

“ఇంకోల పడవలో సేపలెత్తుకుని అమ్మకానికొత్తాను. కాపోతే ఆ రోజు బేరమాడను. అడిగినకాడికిచ్చేసి బేగెల్లిపోతాను, మా పడవొచ్చిందేమో సూసుకోడానికి.”

అప్పుడు గుర్తొచ్చింది. కిందటి నెల ఒకరోజు ఆవిడ వంజరం చేప నేనన్న ధరకే ఇచ్చేసి, మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయింది. బేరంలో నెగ్గానని నేను పక్కింటావిడ దగ్గర గొప్పలు పోయాను. పడవ రానిది ఆ రోజేనా అంటే అవునంది. మొగుడు మర్నాడొచ్చాడట. భయం నా గుమ్మంలో కూర్చుని లేచి వెళ్ళినా కనపడలేదు గానీ, నేను కథలు రాస్తానట!

ఆ వారమంతా కొట్టివేతలే. వెన్నెల పోయింది, ముత్యాలు పోయాయి, సముద్రంతో మాటామంతీ పోయింది. గట్టిగా బేరమాడే ఒకావిడ ఆ రోజు నాలుగిళ్ళలో అడిగిన ధరకే చేపలిచ్చి రేవు వైపు పరుగులాంటి నడకతో వెళ్తుంది. అంతే కథ.

ఆదివారం చదివాను. అధ్యక్షుడు పెదవి విరిచాడు.

“శోకమెక్కడుందమ్మాయ్ ఇందులో? చేపల బేరం రాసుకొచ్చావు.”

మిగతావాళ్ళు తలలూపారు. ఆయన ముందు ఆ తలలకు వేరే పని ఉండేది కాదు. వెన్నెల తిరిగి పెడితే సంకలనంలో చోటుందని, లేకపోతే లేదని ఆయన తేల్చేశాడు.

“పెట్టనండి,” అన్నాను. “ఆవిడ బేరమెందుకాడలేదో మీ పదకొండుగురిలో ఒక్కరికీ తట్టలేదంటే, మీ ఇళ్ళల్లో చేపలు కొనేది ఆడవాళ్ళన్నమాట.”

కాగితాలు తీసుకుని మెట్లు దిగాను. అచ్చులో నా పేరు ఆ ఏటికిక లేదు. బస్సులో కథ మళ్ళీ మొదటినుంచి చదివాను. రెండో పేజీలో ‘పాపం’ అన్న మాట ఒకటి ఇంకా మిగిలిపోయి ఉంది. కుదుపుల్లోనే కొట్టేశాను.